బోర్డు రాయించే ముందు డైరీ తీయండి: సీనియర్ ఆఫీసా, సొంత ప్రాక్టీసా?

మా ఊరి అబ్బాయి ఒకడు విశాఖలో లా ఫర్మ్‌లో ఆరేళ్లుగా పనిచేస్తున్నాడు. మొన్న దసరా సెలవుల్లో ఇంటికి వచ్చి, "అక్కా, ఇక అక్కడ మానేసి శ్రీకాకుళం వచ్చేస్తాను. పాలకొండ రోడ్డులో ఒక గది చూశాను, ఆరు వేలకి ఇస్తామన్నారు" అన్నాడు. గది సంగతి తర్వాత మాట్లాడదామని, "పోయిన ఏడాది కేసుల డైరీ దాచావా?" అని అడిగాను. ఎందుకన్నట్టు చూశాడు. ఆ రోజు అతనికి చెప్పినవీ, తర్వాత గుర్తొచ్చినవీ ఇక్కడ రాస్తున్నాను. అతనిలాగే ఊగిసలాడే జూనియర్లు మా బార్ రూమ్‌లో కనీసం పది మంది ఉంటారు.

ముందు నా సంగతి. శ్రీకాకుళం కోర్టులో నాకిది పధ్నాలుగో ఏడు. మొదటి ఎనిమిదేళ్లు ఒక సీనియర్ గారి ఆఫీసులో ఉన్నాను, ఆ తర్వాత నుంచి సొంతం. బయటికి వచ్చినందుకు నాకు ఏనాడూ విచారం లేదు. కానీ వచ్చిన తీరులో మూడు తప్పులు చేశాను. అవి చెబుతాను, మీరు చేయకండి.

దారులు రెండే కావు

"ఉండిపోవాలా, వెళ్లిపోవాలా" అని అడిగేవాళ్లంతా దారులు రెండే ఉన్నాయనుకుంటారు. మా జిల్లాలో నాకు కనీసం నాలుగు కనిపిస్తున్నాయి. ఉన్నచోటే ఉండటం ఒకటి. శ్రీకాకుళంలో ఒంటరిగా బోర్డు పెట్టడం రెండోది. టెక్కలి, సోంపేట, పాతపట్నం, పలాస లాంటి చిన్న కోర్టుకి వెళ్లడం మూడోది. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒక గది తీసుకుని, గుమస్తానీ ప్రింటర్‌నీ పంచుకుంటూ ఎవరి కేసులు వాళ్లు చూసుకోవడం నాలుగోది. ఇవి కాక, ఆఫీసులో ఉంటూనే సీనియర్ గారికి చెప్పి నాలుగు సొంత కేసులు చూసుకునే సగం సగం పద్ధతి ఉంది. బార్‌లో దీన్ని కాస్త చులకనగా చూస్తారు. నా లెక్కలో చాలామందికి పనికొచ్చేది ఇదే. ఎందుకో కింద చెబుతాను.

ఫర్మ్‌కీ సీనియర్ ఆఫీసుకీ తేడా ఉంది. విశాఖ ఫర్మ్‌లో నెలనెలా ఒక మొత్తం వస్తుంది. దాన్ని జీతం అనరు, రిటైనర్ అంటారు, టీడీఎస్ కోసి ఇస్తారు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 49వ రూలు ప్రకారం ప్రాక్టీసులో ఉన్న లాయరు పూర్తికాలం జీతగాడుగా ఉండకూడదు కాబట్టి పేరు అలా పెట్టారు. మా ఊరి సీనియర్ ఆఫీసుల్లో అదీ ఉండదు. పెట్రోలుకి కొంత, పండక్కి బట్టలు, పెద్ద కేసు గెలిస్తే ఒక కవరు. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 తగ్గకుండా ఇవ్వాలని సర్క్యులర్ పంపింది. అది సిఫారసే, హుకుం కాదు. నాకు తెలిసిన ఆఫీసుల్లో దాన్ని చదివి నవ్వుకున్నవాళ్లే ఎక్కువ.

కాబట్టి ఫర్మ్ వదిలేవాడికి మొదటి నెల నుంచే జేబులో తేడా తెలుస్తుంది. సీనియర్ ఆఫీసు వదిలేవాడు డబ్బు పరంగా పోగొట్టుకునేది తక్కువ. అతను పోగొట్టుకునేది నీడ. కోర్టు హాల్లో జడ్జిగారు "మీరు ఫలానా వారి ఆఫీసు కదా" అని ఒక్క వాయిదా ఎక్కువ ఇచ్చే నీడ.

డైరీ లెక్క

ఇప్పుడు డైరీ దగ్గరికి వద్దాం. గత పన్నెండు నెలల్లో మీరు చెయ్యి పెట్టిన ప్రతి కేసూ ఒక కాగితం మీద రాయండి. పక్కన మూడు గుర్తుల్లో ఏదో ఒకటి పెట్టండి. పార్టీ (కేసు తెచ్చిన మనిషి) సీనియర్ గారి కోసమో ఫర్మ్ పేరు కోసమో వచ్చాడా? ఆఫీసు కోసమే వచ్చి ఇప్పుడు వాయిదా ఎప్పుడో మీకే ఫోన్ చేసి అడుగుతున్నాడా? లేక మొదటి రోజే మీ పేరు చెప్పుకుంటూ వచ్చాడా?

మొదటి రకాన్ని పూర్తిగా కొట్టేయండి. మనసొప్పదు. నేనూ ఒప్పుకోలేదు. నేను డ్రాఫ్ట్ చేసిన ప్లెయింటు (దావా పత్రం), నేను రాత్రిళ్లు కూర్చుని తయారుచేసిన చీఫ్ అఫిడవిట్ (మన సాక్షి ప్రమాణ వాంగ్మూలం), నేనే చేసిన క్రాస్ (అవతలి సాక్షిని ప్రశ్నించడం), అలాంటప్పుడు పార్టీ నాది కాకుండా ఎలా పోతాడు అనుకున్నాను. బయటికి వచ్చాక ఒక ముసలామె కోర్టు వరండాలో నన్ను పట్టుకుని, "లాయరమ్మా, పెద్ద బాబు గోరు నేరేటి? ఆయనకే సెప్పాల" అంది. ఆమె భాగం దావా (ఆస్తి పంపకం కేసు) మూడేళ్లుగా నడిపింది నేనే. అయినా ఆమె నమ్మకం పెట్టుకున్నది ఆయన మీద. తప్పేమీ లేదు, ఆమె మొదట చూసిన ముఖం ఆయనదే.

రెండో రకాన్ని సగానికి లెక్కేయండి. ఫోన్ చేసేవాడు మీ వెంట వస్తాడని కాదు. మీరు ఫోన్ ఎత్తుతున్నారని చేస్తున్నాడు, అంతే. మూడో రకం ఒక్కటే అసలు లెక్క.

ఆ విశాఖ అబ్బాయి (అక్కా అంటాడు కాబట్టి నాకు తమ్ముడే) ఆ సాయంత్రం కూర్చుని రాస్తే తొంభై ఆరు పేర్లు తేలాయి. ఫర్మ్ కోసం వచ్చినవి ఎనభై ఒకటి. అతనికి ఫోన్ చేసేవాళ్లు పదకొండు మంది. అతని పేరు మీద వచ్చినవి నాలుగు. ఆ నాలుగులో ఒకటి వాళ్ల మేనమామ గట్టు తగాదా, ఫీజు అడగలేడు. ఆరేళ్ల అనుభవం ఉన్నవాడు మూడు కేసులతో గది తీసుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇంకో కాలమ్ కూడా గీయండి. ఒప్పుకున్న ఫీజు ఎంత, చేతికొచ్చింది ఎంత? మన దగ్గర ఫీజు ఒక్కసారి రాదు. ఫైలింగ్‌కి కొంత, సాక్ష్యాలకి కొంత, ఆర్గ్యుమెంట్స్ ముందు కొంత. ఉద్దానం పార్టీ అయితే జీడి అమ్మాక, పల్లపు ఊళ్ల రైతయితే వరి నూర్చాక, మత్స్యకారుడైతే గుజరాత్ వేటకు వెళ్లిన కొడుకు డబ్బు పంపాక. ఇస్తారు, ఎగ్గొట్టేవాళ్లు తక్కువే. కానీ మీ ఇంటి అద్దె జీడి తోటను చూసి ఆగదు.

నెల ఖర్చు

నా ఆఫీసు లెక్క చెబుతాను. గది అద్దె ఆరు వేలు, గుమస్తాకి ఎనిమిది వేలు, టైపింగు, జెరాక్సులకి మూడు వేలు, పెట్రోలుకి మూడు వేలు, కరెంటు, ఇంటర్నెట్, టీ నీళ్లు కలిపి రెండు వేలు. మొత్తం ఇరవై రెండు వేలు. ఏ పార్టీ రాకపోయినా ఇది పోతుంది. తీర్పులు వెతికే సైట్ల చందా ఏడాదికోసారి పడుతుంది, దాన్ని మొదటి సంవత్సరం మానేసి సుప్రీంకోర్టు, హైకోర్టుల సొంత వెబ్‌సైట్లతోనూ బార్ లైబ్రరీతోనూ నెట్టుకొచ్చాను. కాజ్‌లిస్టు (ఆ రోజు పిలిచే కేసుల జాబితా) ఈకోర్ట్స్ యాప్‌లోనే ఉంటుంది, వాయిదాలు సీఎన్ఆర్ నంబరు (కేసు గుర్తింపు నంబరు) కొడితే వస్తాయి కాబట్టి ఆ పనికి మనిషి అక్కర్లేదు.

గుమస్తా విషయంలో మాత్రం పిసినారితనం చేయకండి. ఇది నా మొదటి తప్పు. ఎనిమిది వేలు మిగులుతాయని ఆరు నెలలు గుమస్తా లేకుండా గడిపాను. ఫైలింగ్ సెక్షన్‌లో అభ్యంతరాలు సరిచేయడం, ప్రాసెస్ (సమన్లు పంపే ఖర్చు) కట్టడం, సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టడం, అమీను (కోర్టు ఉత్తర్వులు అమలుచేసే ఉద్యోగి) ఊరికి వెళ్లాడా లేదా కనుక్కోవడం, అన్నీ నేనే. పొద్దున కాల్ వర్క్‌లో నా కేసు పిలిచే సమయానికి నేను కాపీయింగ్ సెక్షన్ కిటికీ దగ్గర ఉన్నాను. పార్టీ కళ్లముందే, లాయరు హాజరు లేదని కేసు డిఫాల్ట్‌లో పోయింది. రిస్టోరేషన్ పిటిషన్ వేసి కేసుని మళ్లీ తెరిపించుకున్నాను గానీ, ఆ పార్టీ మరి నా దగ్గరికి రాలేదు.

పొదుపు ఎంత ఉండాలి? ఇంటి ఖర్చు, ఆఫీసు ఖర్చు కలిపి పన్నెండు నెలలకు. ఆరు నెలలు చాలనేవాళ్లున్నారు. మే నెలంతా సివిల్ కోర్టులకు సెలవులు, సంక్రాంతి, దసరా సెలవులు, మధ్యలో ఏదో ఒక దానికి బార్ బాయ్‌కాట్ పిలుపు. ల్యాండ్ టైట్లింగ్ చట్టం మీద లాయర్ల ఆందోళనలప్పుడు విధుల బహిష్కరణ ఎన్ని రోజులు సాగిందో ఇక్కడివాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ చట్టాన్ని 2024లో రద్దు చేశారు, సంతోషం. కానీ బహిష్కరణ రోజుల్లో రిటైనర్ ఉన్నవాడికీ లేనివాడికీ తేడా ఏమిటో నాకు అప్పుడు బాగా తెలిసింది.

నా రెండో తప్పు ఏప్రిల్‌లో బయటికి రావడం. కొత్త బోర్డు, కొత్త కుర్చీలు, నెల తిరగకుండానే కోర్టు తలుపులు మూశారు. వదిలేది ఖాయమైతే సెలవుల తర్వాత జూన్‌లో రండి.

పన్ను గురించి భయపడేది లేదు. ఏడాదికి 50 లక్షల లోపు వసూళ్లున్న లాయరు అందులో సగాన్ని ఆదాయంగా చూపించి పన్ను కట్టే వెసులుబాటు ఉంది, పుస్తకాల గొడవ లేదు. జీఎస్టీ కూడా మనం వసూలు చేసి కట్టే పని దాదాపుగా రాదు. పెద్ద వ్యాపార సంస్థలు క్లయింట్లయితే ఆ భారం రివర్స్ చార్జ్ కింద వాళ్లదే.

ఎక్కడ ఏం నేర్చుకున్నారన్నది అసలు తేడా

డబ్బు లెక్క కంటే ఇది పెద్దది. ఫర్మ్ నుంచి వచ్చేవాళ్లకు మరీను.

విశాఖలో మా తమ్ముడు చేసిన పని డీఆర్‌టీలో (బ్యాంకు బాకీల వసూలు ట్రిబ్యునల్) బ్యాంకుల తరఫున, ఆర్బిట్రేషన్లు (మధ్యవర్తి ముందు తేలే తగాదాలు), కాంట్రాక్టుల డ్రాఫ్టింగు. ఇంగ్లిష్ బాగుంటుంది, కాగితం శుభ్రంగా తయారుచేస్తాడు. ఆరేళ్లలో ఒక్క రైతుని కూడా తెలుగులో క్రాస్ చేయలేదు. శ్రీకాకుళంలో అతని ముందుకు వచ్చేవి భాగం దావాలు, పర్మినెంట్ ఇంజంక్షన్లు (శాశ్వత నిషేధ ఉత్తర్వులు), చెక్ బౌన్సులు, మనోవర్తి, హైవే మీద ప్రమాదాల క్లెయిములు, బెయిళ్లు. సాక్షి "ఆ గెడ్డకి ఇవతల మా మడి, అవతల ఆళ్ల గరువు" అంటే కళ్లముందు ఆ పొలం కనపడాలి. లేకపోతే తర్వాతి ప్రశ్న రాదు.

ఇక్కడి భూమి కాగితాలు ఒక శాస్త్రం. ఈ ప్రాంతమంతా ఒకప్పుడు విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి లాంటి జమీందారీల కింద ఉండేది. 1948 ఎస్టేట్స్ రద్దు చట్టం వచ్చాక రైతులకు నేరుగా ప్రభుత్వం కింద రైత్వారీ పట్టాలిచ్చారు. ఈరోజుకీ దావాల్లో అప్పటి రఫ్ పట్టాలు, ఇనాం తగాదాలు బయటికొస్తాయి. సీతంపేట, పార్వతీపురం వైపు ఏజెన్సీ గ్రామమైతే 1970 నాటి 1/70 రెగ్యులేషన్ ఉండనే ఉంది. గిరిజనుల భూమి గిరిజనేతరుల పేరు మీదకు మారిందా అన్న ప్రశ్న మామూలు సివిల్ కోర్టులో తేలేది కాదు. ఇవి పుస్తకంలో చదివితే వచ్చేవి కావు. మా సీనియర్ గారు ఒక పాత అడంగల్ (ఊరి సాగు రికార్డు) చేతిలోకి తీసుకుని, ఆ ఊరు ఏ ఎస్టేటుదో, అక్కడ ఏ తగాదా తరచుగా వస్తుందో చెప్పేవారు. బయటికి వచ్చే ముందు ఆయన దగ్గర మూటగట్టుకోవాల్సింది ఇదే. మూడో ఏడాదికే బయటికి ఉరికే పిల్లలు ఈ మూట వదిలేసి వెళతారు. తర్వాత ప్రతి టైటిల్ దావాకీ ఎవరినో బతిమాలుకుంటారు.

క్రిమినల్ వైపు మాత్రం ఇప్పుడు కొత్తవాళ్లకు కాస్త సందు దొరికింది. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టాల బదులు బీఎన్ఎస్, బీఎన్ఎస్ఎస్, బీఎస్ఏ అమల్లోకి వచ్చాక పెద్దాయనలు కూడా పుస్తకం తెరుచుకునే నిలబడుతున్నారు. ముప్పై ఏళ్లుగా 125వ సెక్షన్ అని నోటికొచ్చిన మనోవర్తి ఇప్పుడు 144. కొత్త సెక్షన్లు పెద్దవాళ్లకీ కుర్రాళ్లకీ కొత్తే. కంప్యూటర్ సాక్ష్యానికి సర్టిఫికెట్ ఎలా తయారుచేయాలో తెలిసిన కుర్రాణ్ణి వెతుక్కుంటూ పెద్ద ఆఫీసులవాళ్లే వస్తున్నారు. నేను చూశాను.

చిన్న కోర్టు సంగతి

టెక్కలి, పలాస వైపు సొంత ఊరున్నవాళ్లకు ఇది మంచి దారి. లాయర్లు తక్కువ, అద్దె తక్కువ, సంతలో ఎదురుపడే మనిషే పార్టీ. మీ పేరు ఏడాదిలో ఊళ్లకు పాకుతుంది. చెడు పేరూ అంతే వేగంగా పాకుతుంది. ఇబ్బంది ఏమిటంటే ఫీజులు చిన్నవి, పెద్ద దావా వచ్చినప్పుడు పార్టీ బంధువులు "శ్రీకాకుళం లాయర్ని పెట్టండి" అంటారు. పైగా అందరూ అందరికీ చుట్టాలే. వాదికి మీరు మేనల్లుడు వరస, ప్రతివాది మీతో చదువుకున్నవాడు. మొహమాటం ఉన్నవాళ్లకు అక్కడ కష్టం.

గది పంచుకోవడం

ఇది నాకు ఇష్టమైన పద్ధతి, ఇప్పుడు నేనున్నది కూడా ఇందులోనే. ముగ్గురం, ఒక గది, ఒక గుమస్తా. ఫీజులు కలపం. నాకు టెక్కలిలో వాయిదా ఉన్న రోజు ఇక్కడ నా కేసు పిలిస్తే ఆ ఇద్దరిలో ఒకరు లేచి పాస్ ఓవర్ (కాసేపాగి పిలవమని) అడుగుతారు. ఒంటరి ప్రాక్టీసులో నన్ను అన్నిటికంటే భయపెట్టింది అదే. జ్వరమొస్తే ఎవరు నిలబడతారు? మా రెండో బాబు పుట్టినప్పుడు మూడు నెలలు నా ఫైళ్లు మోసింది వీళ్లే. ఆడపిల్లలెవరైనా సొంత ప్రాక్టీసు గురించి అడిగితే నేను ముందు అడిగే ప్రశ్న "నీ బదులు నిలబడే ఇద్దరి పేర్లు చెప్పు" అని.

జాగ్రత్త ఒక్కటే. ఒకే గదిలో ఒకరు వాదికీ ఇంకొకరు ప్రతివాదికీ ఉంటే పార్టీలు ఊరుకోరు. అలాంటి కేసు వస్తే ఎవరు ముందు తీసుకుంటే వాళ్లకే, రెండోవాళ్లు వెనక్కి పంపాలి. ఈ మాట మొదటి రోజే అనుకోండి.

వదిలి వచ్చే పద్ధతి

ఇక్కడే నేను మూడో తప్పు చేశాను. పెద్ద తప్పు కూడా.

వచ్చేటప్పుడు పదకొండు పాత ఫైళ్లు నాతో వచ్చాయి. పార్టీలే అడిగారు, సీనియర్ గారు పెద్ద మనసుతో వకాలత్ (లాయరుకి కేసు అప్పగించే పత్రం) మీద "నో అబ్జెక్షన్" రాసిచ్చారు. ఎంత మురిసిపోయానో! నెల తిరిగాక చూసుకుంటే ఆ పదకొండులో ఏడింటికి పార్టీలు ఫీజు మొత్తం ఎప్పుడో ఆఫీసుకి కట్టేసి ఉన్నారు. రెండేళ్లపాటు ఆ ఏడు కేసులూ నా పెట్రోలుతో, నా జెరాక్సులతో నడిపాను. మళ్లీ అడిగితే "అప్పుడే ఇచ్చేశాం కదమ్మా" అన్నారు, నిజమే కదా. పాత ఫైలు తెచ్చుకునే ముందు ఫీజు ఎంత కట్టారు, ఇంకా ఎన్ని మెట్లు మిగిలాయి, వాటికి ఎవరు ఎంత ఇస్తారు అన్నది మీరూ సీనియర్ గారూ పార్టీ ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి.

రూల్స్ కూడా తెలిసుండాలి. ఇంకో లాయరు వకాలత్ ఉన్న కేసులో ఆయన సమ్మతి లేకుండా మీరు హాజరు కాకూడదని బార్ కౌన్సిల్ 39వ రూలు. సమ్మతి రాకపోతే కారణం చెప్పి కోర్టు అనుమతి తీసుకోవాలి. ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టుకుని కూర్చునే హక్కు ఏ లాయరుకీ లేదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చింది. కానీ ఆ తీర్పు జేబులో పెట్టుకుని సీనియర్ గారి గుమ్మం ఎక్కకండి. ఇది చిన్న ఊరు, రేపటి నుంచి రోజూ అదే వరండాలో ఎదురుపడాలి. పార్టీలకు మీరు ముందుగా ఫోన్లు చేసి "నేను బయటికి వచ్చేస్తున్నాను" అనకండి. 36వ రూలు కింద అది పనిని అడుక్కోవడమే అవుతుంది, రూలు లేకపోయినా మర్యాద కాదు. ముందు సీనియర్ గారికి, ఆ తర్వాతే బార్‌కి. మా ఊళ్లో ఈ వరస తిరగబడి ముఖాలు చూసుకోకుండా పోయిన ఆఫీసులున్నాయి.

ఎవరూ ముందుగా ఆలోచించనిది ఇంకొకటుంది. ఆఫీసులో ఉండగా మీరు సలహా ఇచ్చిన, ప్లీడింగ్స్ (కోర్టులో వేసే దావా, జవాబు పత్రాలు) రాసిన కేసుల్లో అవతలి పార్టీకి మీరు ఎప్పటికీ వెళ్లకూడదు. పెద్ద ఆఫీసులో ఎనిమిదేళ్లుంటే ఊళ్లో సగం తగాదాలు మీ చేతుల మీదుగా వెళ్లి ఉంటాయి. కొత్త బోర్డు పెట్టిన మొదటి నెలలో నా దగ్గరికి వచ్చిన ఆరుగురిలో ఇద్దరిని ఇందుకే పంపేశాను. గది అద్దె కట్టాల్సిన వారంలో పార్టీని పంపేయడం ఎలా ఉంటుందో అనుభవిస్తే తెలుస్తుంది.

ఫర్మ్‌వాళ్లయితే ఒప్పందం చదువుకోండి. నోటీసు గడువు పాటించాల్సిందే, క్లయింట్ల రహస్యాలు కాపాడాల్సిందే. "వదిలాక రెండేళ్లు ఈ జిల్లాల్లో ప్రాక్టీసు చేయకూడదు" లాంటి షరతు ఉంటే మాత్రం బెదిరిపోకండి, కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు అది నిలవడం కష్టం.

ఒంటరిగా ఉంటే గడువులన్నీ మీ నెత్తినే

ఆఫీసులో ఒకరు మరిచిపోతే ఇంకొకరు గుర్తుచేస్తారు. సొంతంగా ఉంటే క్యాలెండరే సీనియర్. చెక్కు తిరిగొచ్చిన సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక డబ్బు కట్టడానికి 15 రోజుల గడువు, ఆ తర్వాత నెలలో కంప్లయింటు. రిటెన్ స్టేట్‌మెంటుకి (ప్రతివాది జవాబు) 30 రోజులు, మహా అయితే 90. రోడ్డు ప్రమాదం క్లెయిమ్‌కి 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు మళ్లీ వచ్చింది, ఇది తెలియక పాత అలవాటున తాపీగా కూర్చున్నవాళ్లున్నారు. లాయర్ల సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది కదా అని ధైర్యపడకండి. బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేసే దారి తెరిచే ఉంది, ఊరి నోరు అంతకంటే పెద్దగా తెరిచి ఉంటుంది.

ప్రమాదం కేసుల్లో "వచ్చినదాంట్లో ఇంత శాతం" అని మాట్లాడుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. 20వ రూలు ప్రకారం అది తప్పు. మొదటి ఏడాది చేతిలో డబ్బు ఆడనప్పుడు ఆశ పుడుతుంది, అందుకే ముందే చెబుతున్నాను.

ఆసరాగా నిలిచే పనులు

సొంతంగా ఉన్న మొదటి రెండేళ్లు నన్ను నిలబెట్టినవి అడ్వొకేట్ కమిషనర్ వారంట్లు, లీగల్ ఎయిడ్ (ఉచిత న్యాయ సహాయం) ప్యానెల్ కేసులు. కమిషనర్‌గా పొలం మీదకు వెళ్లి కొలతలు వేయించి రిపోర్టు రాస్తే కోర్టు నిర్ణయించిన ఫీజు నేరుగా చేతికొస్తుంది, పైగా నలుగురికీ ముఖం తెలుస్తుంది. బ్యాంకు ప్యానెల్‌లో టైటిల్ ఒపీనియన్లు (ఆస్తి హక్కు సరిగా ఉందో లేదో చెప్పే అభిప్రాయాలు) స్థిరమైన రాబడే, కాకపోతే ఈసీలు (ఆస్తి లావాదేవీల సర్టిఫికెట్లు), లింకు డాక్యుమెంట్లు ముప్పై ఏళ్ల వెనక్కి ఓపికగా చూడలేనివాళ్లు దాని జోలికి పోవద్దు. సంతకం మీది, మాట కూడా మీకే వస్తుంది. లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ ఉద్యోగాలు వేరు. వాటిలో నెలనెలా పారితోషికం ఉంటుంది, ప్రైవేటు కేసులు పట్టకూడదు. క్రిమినల్ పని నేర్చుకోవాలనే కుర్రాళ్లకు అసిస్టెంట్ స్థాయి బాగుంటుంది.

జడ్జి పరీక్ష ఆలోచన ఉన్నవాళ్లకు ఒక మాట. 2025 మేలో సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని మళ్లీ చెప్పింది. ఆ మూడేళ్లూ సీనియర్ దగ్గరే గడపండి. పరీక్ష రాసేవాడికి అద్దె గది దేనికి?

ఎవరికి ఏది

అయిదేళ్ల లోపువాళ్లు కదలొద్దు, ఎంత విసుగ్గా ఉన్నా. సీనియర్ కోప్పడుతున్నారనో, బార్‌లో బ్యాచ్‌మేట్ బోర్డు పెట్టాడనో వచ్చేవాళ్లు ఏడాదిన్నరలో మళ్లీ ఎవరి ఆఫీసులోనో కుర్చీ వెతుక్కోవడం చూశాను. అయిదు దాటి, డైరీలో మూడో రకం కేసుల నుంచి చేతికొచ్చిన డబ్బు ఆఫీసు ఖర్చుకి సరిపోతుంటే రండి, ఒంటరిగా కాకుండా గది పంచుకుని రండి. సరిపోకపోతే సీనియర్ గారినే అడిగి సగం సగం పద్ధతిలో రెండేళ్లు గడపండి. చాలామంది సీనియర్లు ఒప్పుకుంటారు, అడిగే ధైర్యమే ఉండదు మనకి. ఒక్క సందర్భంలో మాత్రం లెక్కలన్నీ పక్కన పెట్టి ఆ రోజే బయటికి రమ్మంటాను. ఆఫీసులో మీ చేత దొంగ సాక్ష్యం తయారు చేయించడమో, పార్టీ డబ్బు దాచమనడమో జరుగుతుంటే.

మా తమ్ముడి విషయానికి వస్తే, మూడు కేసులతో గది వద్దన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, ఫర్మ్‌వాళ్లతో మాట్లాడి రిటైనర్ కొంత తగ్గించుకుని శుక్ర, శనివారాలు ఖాళీ చేసుకున్నానన్నాడు. వాళ్ల క్లయింట్లకు శ్రీకాకుళంలో పని పడితే అతనే చూసేట్టు ఒప్పందం. నూట పది కిలోమీటర్లు, గురువారం రాత్రి బస్సెక్కి వస్తాడు. మా గదిలో కిటికీ పక్కన ఒక బల్ల ఇచ్చాం, అద్దె అడగలేదు, టీ డబ్బులు మాత్రం అతనివే. మొదటి నెలంతా నా పక్కన కూర్చుని భాగం దావాల్లో క్రాస్ చూశాడు. బోర్డు ఎంత సైజు ఉండొచ్చని అడిగాడు. రూల్లో "సముచితమైన సైజు" అనే ఉంది, ముందు కేసులు రానీ అన్నాను.

పోయిన శుక్రవారం పలాస దగ్గర్నుంచి ఒకాయన అతని పేరే అడుగుతూ వచ్చాడు. తోట గట్టు తగాదా, ఇంజంక్షన్ వేయాలి. వకాలత్ మీద వెల్ఫేర్ స్టాంపు (లాయర్ల సంక్షేమ నిధిది) నేనే అంటించాను. సగం ఫీజు ఇచ్చి, మిగతా సగం జీడిపిక్కలు అమ్మాక ఇస్తానని చెప్పి వెళ్లాడు.